బుస్సీ దొర: మిత్రుని మనోబలమును తూచినవాడు

బొబ్బిలి కథ విననివారు మన సీమలో అరుదు. రంగారావు, తాండ్ర పాపారాయుడు అను పేర్లతోపాటు బుస్సీ దొర పేరును జంగము కథకుల నోటను, నాటకపు పందిళ్ళలోను తరతరములుగా వినుచున్నాము. ఆ కథలో అతడు ఫిరంగులతో వచ్చిన పరదేశి మాత్రమే. అంతకు మించి అతని చరిత్ర మనవారికి తెలిసినది తక్కువ. అట్టివాని జీవితమును మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వ్రాయనేల యని చదువరులు అడుగవచ్చును. అందుకు రెండు కారణములు కలవు.

మొదటిది: కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులు 1753 మొదలు 1758 వరకు అతని చేతిక్రింద నుండెను. మన తాతముత్తాతలు దున్నిన పొలముల శిస్తు అతని సైనికుల జీతముగా మారెను. రెండవది ఇంకను ముఖ్యమైనది. యుద్ధకాలమున శత్రువు బలమును లెక్కించువారు పెక్కుమంది యుందురు. మిత్రుని మనోబల మెంత, కష్టము వచ్చినప్పుడు అతడు నిలుచునా, వంగునా అని తూచి, ఉన్నది ఉన్నట్లు పైవారికి వ్రాయువారు బహు కొలది. బుస్సీ అట్టి కొలదిమందిలో నొకడు. అతని అంచనా సరియైనది. దానిని నమ్మవలసినవాడు నమ్మలేదు. ఆ నమ్మకపోవుటకు మూల్యమెంతయో బెజవాడకును బందరునకును నడుమ గల 40 మైళ్ళ దారిలో తేలెను.

మన రాజనీతివేత్తలు రాజ్యమునకు ఏడంగములు చెప్పిరి. స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు. కోశమును ఎంచవచ్చును, దుర్గమును కొలువవచ్చును, దండమును వరుసదీర్చి లెక్కింపవచ్చును. మిత్రుని మనస్సును మాత్రము ఏ మానికతోను కొలువలేము. వానకాలము గడచినను సుగ్రీవుడు కదలకుండుట చూచి లక్ష్మణుడు కిష్కింధకు పోవలసి వచ్చెను. మాట యిచ్చినవాడే, మేలు పొందినవాడే. అయినను అతని మనస్సు ఏ స్థితిలో నున్నదో ఎదుట నిలిచి చూచినగాని తెలియలేదు. బుస్సీ హైదరాబాదు దర్బారులో ఏడేండ్లు చేసిన పని యదియే.

ఇతని పూర్తిపేరు షార్ల్ జోసెఫ్ పటిసియే. బుస్సీ కాస్టెల్నో ప్రభువని తరువాత ప్రసిద్ధుడయ్యెను. ఉత్తర ఫ్రాన్సు దేశమున సువాసాన్ పట్టణ ప్రాంతమున ఒక చిన్న కులీన కుటుంబమున జన్మించి, పడుచుతనముననే అదృష్టము వెదకికొనుచు తూర్పు సముద్రములకు వచ్చెను. పుదుచ్చేరిలో గవర్నరుగా నున్న డూప్లే మనుష్యులను గుర్తింపగల దొడ్డవాడు. 1750లో అభేద్యమని పేరొందిన చెంజి కోటను బుస్సీ లగ్గలెక్కి పట్టుకొనుటతో అతని ధైర్యము దక్షిణాపథమంతటను తెలిసెను. ఆ యేడే మన బందరు ఫ్రెంచివారి వశమయ్యెను.

ఆ కాలమున దక్కను సుబా సింహాసనమునకై అన్నదమ్ములు, మేనమామ మేనల్లుళ్ళు పోరాడుచుండిరి. నాసరుజంగు హతుడు కాగా, ఫ్రెంచివారి సాయముతో ముజఫరుజంగు నిజామయ్యెను. అతనిని హైదరాబాదునకు చేర్చుటకై 1751 జనవరిలో సుమారు 300 మంది ఫ్రెంచివారితోను 2000 మంది సిపాయిలతోను బుస్సీ బయలుదేరెను. త్రోవలో కడప మండలమున పఠాను నవాబుల తిరుగుబాటులో ముజఫరుజంగు కూలెను. ప్రభువు లేని సైన్యము చెదరిపోవు గడియ యది. బుస్సీ వెనుదీయక, సైన్యముతో బందీగా నున్న నిజాముల్ ముల్కు కొమారుడు సలాబతుజంగును అప్పటికప్పుడు సింహాసనమున నిలిపెను. ఆనాటినుండి వీరిద్దరి జీవితములును ముడిపడిపోయెను.

సలాబతుజంగు ఎట్టివాడు? దుర్మార్గుడు కాడు, స్థిరచిత్తుడును కాడు. చెంత నెవడున్న వాని మాట వినువాడు. ఆ చెంత నుండుటకై దివానులును సోదరులును పెనుగులాడుచుండిరి. నిజాం ఆలీ చురుకైనవాడు, పట్టుదల గలవాడు. బసాలతుజంగు సమయము చూచి ప్రక్కకు జరుగువాడు. అన్న ఘాజీయుద్దీను మహారాష్ట్రుల అండతో వచ్చి 1752లో ఔరంగాబాదున విషప్రయోగముచే మరణించెను. అట్టి యింట కూర్చున్న ప్రభువునకు ఎవని ఫిరంగులు దగ్గరగా నున్నవో వాడే బంధువు.

ఈ సంగతి బుస్సీకి 1753లో ప్రత్యక్షముగా తెలిసెను. జబ్బుపడి అతడు విశ్రాంతికై బందరు వచ్చెను. అతడు కనుమరుగైనంతనే దివాను సయ్యదు లష్కరుఖాను ఫ్రెంచి సైనికులకు జీతము లాపి, వారిని చిన్న చిన్న దళములుగా చెదరగొట్టెను. కత్తి దూయలేదు, తుపాకి పేల్పలేదు. జీతము లాపుటతోనే పని జరిగెను. బుస్సీ ఒడలు పూర్తిగా కుదుటపడకముందే తిరిగి వెళ్ళి, దళములను కూర్చుకొని, ఔరంగాబాదు చేరి, తన సైన్యపు పోషణకై నాలుగు సర్కారులను వ్రాయించుకొనెను. మన సర్కారులు ఫ్రెంచివారి చేతిలోనికి పోయినది ఇట్లు. గ్రామ లెక్కలు వ్రాయువారికి ఈ విషయము బాగుగ బోధపడును. సైన్యపు మనోబలము ముందుగా జీతపు చిఠ్ఠాలో కానవచ్చును. యుద్ధభూమిలో కానవచ్చుట ఆ తరువాత.

1756లో మరల పరీక్ష వచ్చెను. కొత్త దివాను షానవాజుఖాను ప్రోద్బలముచే సలాబతుజంగు బుస్సీకి సెలవిచ్చెను. అంతటితో ఊరకుండక, ఫ్రెంచివారికి బదులుగా తమ సైన్యమును పంపుడని చెన్నపట్టణపు ఇంగ్లీషువారిని కోరెను. వారును సిద్ధపడిరి గాని, ఆ సమయముననే కలకత్తా నవాబు చేతబడిన వార్త రాగా ఆ సైన్యమును బంగాళమునకు మరల్పవలసి వచ్చెను. బుస్సీ బందరునకు పోవువానివలె కదలి, హఠాత్తుగా హైదరాబాదువైపు తిరిగి, మూసీ యొడ్డున చారుమహలు తోటలో ఫిరంగులు పొదిగి కూర్చుండెను. బందరునుండి లా అను సేనాని వానలలో నడచి తోడుబలముతో ఆగస్టులో చేరువరకు అక్కడనే నిలిచెను. ఆ మీదట సలాబతుజంగు మరల మిత్రుడయ్యెను. మొన్న పొమ్మన్నవాడు నేడు కౌగిలించుకొనెను. బుస్సీ ఆ కౌగిలికి పొంగలేదు, కోపగించుకొనలేదు. దాని విలువ యెంతయో అతనికి తెలియును.

అరటితోటలో గెల వేసిన చెట్టునకు వెదురు ఊత పెట్టుదుము. ఊత యున్నంతకాలము చెట్టు నిటారుగా నిలుచును, ఆకులు పచ్చగా నుండును, చూచువారు చెట్టే బలముగా నున్నదందురు. సలాబతుజంగు ఫ్రెంచివారికి అట్టి మిత్రుడు. బుస్సీ ఊతను ఊతగా, చెట్టును చెట్టుగా చూచినవాడు. నా యీ కొలదిమంది సైన్యము ఇక్కడ నున్నంతవరకే ఈ ప్రభువు మనవాడు. ఇది తీసిన నాడు అతడు తమ్ముల చేతిలో పడును, సర్కారులు పోవును అని అతడు పైవారికి విన్నవించుచు వచ్చెను.

ఇచ్చట బొబ్బిలి సంగతిని చెప్పక తప్పదు. 1756 తుదిని బుస్సీ సర్కారుల పేష్కషు వసూలునకై ఉత్తరమునకు నడచెను. విజయనగర ప్రభువు పెదవిజయరామరాజు అతనికి మిత్రుడు. బొబ్బిలివారితో అతనికి పగ. మిత్రుని పగ బుస్సీ ఫిరంగులకు పనియయ్యెను. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోట కూలెను. లోనివారు స్త్రీలను, బిడ్డలను తమ చేతులతోనే కడతేర్చి, ప్రాణమున్నంతవరకు పోరి మడిసిరి. అటుపై కొలది దినములకే పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును పొడిచి చంపెను. హైదరాబాదు దర్బారులో ప్రతివాని మనస్సును చదివిన బుస్సీ, బొబ్బిలి గోడల వెనుక నున్న మనస్సును చదువలేకపోయెను. ఊతపై నిలిచిన మనోబలము అతనికి చిరపరిచితము; స్వంత వేళ్ళపై నిలిచినది అతడు చూచియుండలేదు. అతని చరిత్రలో మాయని మచ్చ యిదియే. విజయరామరాజు తరువాత వచ్చిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారియెడ తృప్తి లేనివాడయ్యెను. ఈ అసంతృప్తి ఫలించుటకు ఎంతో కాలము పట్టలేదు.

1758 మే నెలలో ఔరంగాబాదున నిజాం ఆలీ డేరాలో బుస్సీ కుడిభుజమైన దివాను హైదరుజంగు హత్య గావింపబడెను. ఆ కల్లోలముననే షానవాజుఖానును హతుడయ్యెను. నిజాం ఆలీ బురహానుపురమునకు పారిపోయెను. దర్బారు ఇట్లు కంపించుచున్న తరుణముననే పుదుచ్చేరినుండి ఆజ్ఞ వచ్చెను. ఫ్రాన్సునుండి కొత్తగా దిగిన సర్వసేనాని లాలీ, దక్కనులోని సైన్యమును తీసికొని వెంటనే తన్ను కలియవలసినదని బుస్సీని పిలిచెను.

లాలీ పిరికివాడు కాడు, లంచగొండియు కాడు. వచ్చిన కొలది వారములలోనే కడలూరు చెంతనున్న సెంటు డేవిడు కోటను పట్టెను. కాని ఈ దేశము నెరుగడు. ఎరిగినవారి మాటను వినడు. ఇంగ్లీషువారిని సముద్రతీరమునుండి వెడలగొట్టుటయే అతని యేకైక సంకల్పము. దక్కను గద్దెపై అన్న యున్ననేమి, తమ్ముడున్ననేమి అని అతని భావము. బుస్సీ నివేదనలలో అతనికి కనబడినది స్వార్థము. హైదరాబాదున ధనము సంపాదించినవాడు ఆ స్థానమును వదలలేక భయపెట్టుచున్నాడని తలచెను. ఆ శంక పూర్తిగా నిరాధారమని చెప్పరాదు. బుస్సీ నిజముగనే మిక్కిలి ధనవంతుడయ్యెను. సత్యమును చెప్పువాని చేతిలో ధనపు సంచి యుండుట చేత సత్యమే సంశయాస్పదమయ్యెను. ఇది లోకమున తరచు జరుగునదే.

బుస్సీ ఆజ్ఞ మీరలేదు. సర్కారులను కాన్‌ఫ్లాన్సు అను క్రొత్తవానికి అప్పగించి కృష్ణ దాటి దక్షిణమునకు పోయెను. ఊత తీయబడెను.

తరువాతి కథ వడివడిగా నడచెను. 1758 సెప్టెంబరులో ఆనంద గజపతి విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి లాగికొని, రండని ఇంగ్లీషువారికి కబురు పంపెను. కలకత్తానుండి క్లైవు పంపగా ఫోర్డు అను సేనాని సుమారు 500 మంది తెల్లవారితోను 2000 మంది సిపాయిలతోను ఆ యేడు అక్టోబరులో దిగెను. డిసెంబరులో పిఠాపురము చెంత చందుర్తి యుద్ధమున కాన్‌ఫ్లాన్సు ఓడి బందరువరకు పరుగిడెను. 1759 మార్చిలో ఫోర్డు బందరు కోట ముందు విడిసెను.

ఇచ్చట ఇరుపక్షములవారికిని ఒకే చిక్కు వచ్చెను. ఇద్దరికిని మిత్రులు కలరు. ఆ మిత్రులు నిలుతురో లేదో తెలియదు. ఫోర్డు మిత్రుడు ఆనంద గజపతి. సైన్యపు ఖర్చులు భరింతునని ఒడంబడి, రొక్కము చేతికిచ్చుటలో జాగుచేసినవాడు. సలాబతుజంగు పెద్ద సైన్యముతో హైదరాబాదునుండి వచ్చి బెజవాడ చేరినాడనియు, ఫ్రెంచివారి యింకొక దళము రాజమహేంద్రవరమును మరల పట్టినదనియు వినినంతనే అతడు గుండె చెదరి రాత్రివేళ డేరాలెత్తి ఇంటిముఖము పట్టెను. ఫోర్డు అతనిని తిట్టలేదు, బెదరింపలేదు. ఇంటికి పోవు త్రోవలో ఒక ప్రక్క నిజాము గుఱ్ఱములు, వేరొక ప్రక్క ఫ్రెంచి దళము నున్నవి. ఇచ్చట నుండుటకంటె పోవుటయే అపాయకరమని తెలియజెప్పి పంపెను. రాజు వెనుకకు తిరిగెను. మిత్రుని భయము నెరిగి, ఆ భయముతోనే అతనిని నిలిపిన నేర్పు అది.

కాన్‌ఫ్లాన్సు మిత్రుడు సలాబతుజంగు. అతని దండులో వేలకొలది గుఱ్ఱములు, వేలకొలది కాల్బలము. హైదరాబాదునుండి వచ్చువానికి బెజవాడ ఈవలి గట్టుననే యున్నది. బందరు చేరుటకు కృష్ణను దాటవలసిన పనియు లేదు. ఎండలు ముదిరిన చేలు, గట్టిపడిన దారులు. తలచుకొన్న గుఱ్ఱపు దండునకు రెండు దినముల త్రోవ. అయినను అతడు వేగిరపడలేదు. వెనుక హైదరాబాదున నిజాం ఆలీ ఏమి చేయునో యని భయము. ముందు ఇంగ్లీషు ఫిరంగులన్న జంకు. ప్రక్కన బుస్సీ లేడు. బుస్సీ తూచి చెప్పిన తూకము ఈ బెజవాడ విడిదిలో గింజకు గింజ సరిపోయెను.

ఏప్రిలు మొదటి వారమున నిజాము దండు బందరు దిక్కునకు కదలుచున్నదని ఫోర్డునకు వార్త వచ్చెను. మందుగుండు రెండు దినములకు మించి లేదు. ఫోర్డు దినములను లెక్కించి, మిత్రుడు శత్రువును చేరకముందే పని ముగింపవలెనని నిశ్చయించి, ఏప్రిలు 7వ తేదీ రాత్రి ఉప్పుబురదలో మోకాలిలోతున నడిపించి కోటపై పడెను. ఒక ప్రక్క గజపతి మనుషుల చేత సందడి చేయించి, వేరొక ప్రక్క సిపాయిలతో తాకించి, ఈశాన్యపు బురుజువద్ద అసలు దెబ్బ కొట్టెను. తెల్లవారుసరికి కాన్‌ఫ్లాన్సు లొంగిపోయెను. పట్టుకొన్నవారికంటె పట్టుబడినవారే యెక్కువ. కొలది దినములకు పుదుచ్చేరి తోడుబలముతో ఓడలు రేవు ముందు కనబడెను; అప్పటికి కోటపై జెండా మారియుండెను.

మే 14వ తేదీన సలాబతుజంగు ఫోర్డుతో సంధి చేసికొనెను. బందరును, నిజాంపట్టణమును, వాని చుట్టుపట్ల సీమలను ఇంగ్లీషువారికి ఇనాముగా నిచ్చి, ఫ్రెంచివారిని ఇక చేరనీయనని ఒప్పుకొనెను. ఆ వెంటనే తమ్మునిపైకి తోడురమ్మని ఫోర్డును అడిగెను. ఫోర్డు అంగీకరింపలేదు. ఎనిమిదేండ్లు ఫ్రెంచి ఊతపై నిలిచినవాడు నెలదాటగనే ఇంగ్లీషు ఊత వెదకికొనుట చూడుడు. అది ద్రోహమనుటకంటె అలవాటనుట న్యాయము. అతడు 1762లో నిజాం ఆలీచే పదభ్రష్టుడై, బీదరు కోటలో చెరయుండి, 1763లో గతించెను.

బుస్సీ మాట నిజమయ్యెను. అతనికి మాత్రము ఫలము దక్కలేదు. 1760 జనవరిలో వందవాసి యుద్ధమున ఇంగ్లీషువారికి చిక్కి, విడుదల పొంది, స్వదేశము చేరెను. ఓడిన లాలీపై ఫ్రాన్సున నేరారోపణ జరిగి, 1766లో అతని తల తీయబడెను. లాలీ దోషములకు ఆ శిక్ష మిక్కిలి ఘోరమైనది. ఆ యేడే నిజాం ఆలీ సర్కారులను ఇంగ్లీషువారికి ఒడంబడికగా వదలెను.

చరిత్ర బుస్సీని ఇంకొకమారు పిలిచెను. ఇంగ్లీషువారితో హైదరాలీ పోరుచున్న కాలమున ఫ్రెంచి రాజు అతనిని సర్వసేనానిగా పంపెను. పూర్వపు పేరే పెట్టుబడి. అతడు 1783 మార్చిలో తీరము చేరుసరికి హైదరాలీ మరణించి మూడు నెలలయ్యెను. టిప్పుసుల్తాను పడమటి తీరమునకు పోయియుండెను. బుస్సీ అరువదేండ్లు దాటిన రోగపీడితుడు. కడలూరున తన సైన్యముతో గోడల చాటున నిలిచెను. జూను 13వ తేదీన ఇంగ్లీషువారు పైబడగా గట్టిగనే కాచుకొనెను గాని, ముందుకు సాగి కొట్టుటకు ఒడలు గాని, మనసు గాని సహకరింపలేదు. సముద్రముపై సఫ్రెను చూపిన తెగువ నేలపై కానరాలేదు. అంతలో ఐరోపాలో సంధి జరిగినదని వార్త వచ్చెను. మంగుళూరు ముట్టడిలో టిప్పుతో నున్న ఫ్రెంచివారు యుద్ధము చాలించి తొలగిపోయిరి. నడుమ విడువబడిన టిప్పు ఫ్రెంచివారి మైత్రి యెంతటిదో నాడు తూచికొనెను. ఒకనాడు మిత్రుల మనస్సును తూచిన బుస్సీ, ఈ మారు తానే త్రాసులో కూర్చుండవలసినవాడయ్యెను. 1785 జనవరిలో పుదుచ్చేరిలో మరణించెను.

ఇతని జీవితమునుండి మనము గ్రహింపవలసిన దేమి? బుస్సీ అంచనా సత్యమైనది గాని సంపూర్ణము కాదు. మిత్రుడు ఊతపై నున్నాడని చెప్పెను. అతడు స్వయముగా నిలుచునట్లు చేయవలెనని ఎన్నడును తలపెట్టలేదు. నిలిచినచో ఫ్రెంచివారి అవసరము తీరిపోవునుగదా! మిత్రుని బలహీనతపై ఆధారపడినవాడు, ఆ బలహీనత తన్ను దెబ్బతీసిన నాడు ఎవరిని నిందింపగలడు?

ఇంకొక లోపము కలదు. ఈ కథలో నిజాము మనస్సును, దివానుల మనస్సును, రాజుల మనస్సును తూచిరి. కొండపల్లి, ఏలూరు సర్కారుల రైతు మనస్సును తూచినవాడు ఒక్కడును లేడు. రెండు సైన్యములకును బియ్యము, గడ్డి, బండ్లు ఈ పల్లెలనుండియే పోయెను. జెండా మారిన మరునాడు శిస్తు ఎవరికి కట్టవలెనన్నదే రైతునకు మిగిలిన ప్రశ్న. సప్తాంగములలో జనపదము మిత్రునికంటె ముందు చెప్పబడినది. ఆ వరుసను మరచినవారు బందరు కోటను ఒక రాత్రిలో పోగొట్టుకొనిరి. ఆ వరుసను మరువక కాపాడుకొనుట గ్రామముల పని. అందుకు చదువు కావలెను, చరిత్ర తెలియవలెను. గ్రామమునకు గ్రంథాలయ మెందుకను ప్రశ్నకు ఇదియే నా సమాధానము.